జానెడు సందు

అది కాదు బావా, ముందు నా మాట విను! మేకులు నోట్లోనే ఉండనీ, పరవాలేదు. నాకూ అదే మేలు. నీ నోట్లో మేకులున్నప్పుడే కదా ఎదుటివాళ్ళకి మాట్లాడే వంతు వచ్చేది!

చెక్క పలక పట్టుకున్నాలే. వదలను. నువ్వు కొట్టుకో.

అయినా ఎంత అన్యాయం చెప్పు! ఇరవై ఏళ్ళుగా గీటు తప్పని వడ్రంగివి. ఇందాక బడి గేటు దగ్గర కాపలాదారుని "మా మేస్త్రి ఏ గదిలో ఉన్నాడండీ" అని అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఎవరూ, జానెడు మేస్త్రా? మూడో గది" అన్నాడు! ఒళ్ళు మండిపోయింది నాకు. నవ్వకు, మేకు మింగుతావ్!

సరే, నాకూ నవ్వొచ్చిందిలే. కొంచెం. వరండా దాటేసరికి మాత్రం ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం గంట కొట్టేలోపు పెద్ద మేడమ్ వచ్చి ఈ ఆరు అల్మరాలూ చూస్తారట కదా? మిగతా పన్నెండు గదుల పని నీకే ఉంచాలా, ఇంకొకరికి ఇచ్చెయ్యాలా అన్నది ఇవాళే తేల్చేస్తారట కదా? అక్క చెప్పింది. నువ్వు చెబితేగా! నువ్వేమో నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, స్తంభానికీ అల్మరాకీ మధ్య మిగిలిన సందులో సన్న అరలు బిగిస్తున్నావ్. బాగానే ఉన్నాయిలే, పిల్లలు స్కేళ్ళు పెట్టుకోవచ్చు.

అబ్బా, వేలు జాగ్రత్త! నాది!

అసలు సంగతి చెబుతా విను. నాలుగు రోజులుగా ఆఫీసులో ఆ కంప్యూటర్‌తో కుస్తీ పడుతున్నాను. ఈ బడి ప్లాను తెర మీద చూస్తే అల్మరా ఇటు స్తంభాన్నీ అటు స్తంభాన్నీ ముచ్చటగా ఆనుకుని ఉంది. ఇక్కడికొస్తే జానెడు సందు! ముందు ప్రింటర్‌ని తిట్టాను. తర్వాత కొలతల సెట్టింగులన్నీ మార్చాను. అల్మరా వెడల్పు అంకె చెరిపి మళ్ళీ వేశాను. ఉన్న బటన్లన్నీ నొక్కి, లేని బటన్ల కోసం వెతికాను. ఊహూ! మూడడుగులంటే మూడడుగులే అని భీష్మించుకు కూర్చుంది.

నిన్న సాయంత్రం ఏం తోచిందో ఏమో, తెర మీదే, అల్మరా బొమ్మకి బయట, ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి కొత్తగా కొలత వేశాను. ఎంతొచ్చిందనుకున్నావ్? మూడడుగుల తొమ్మిదంగుళాలు! అల్మరా ఒకటే, అంకెలు రెండు! అత్తగారి ముందొక మాట, వెనకాలొక మాట అన్నట్టు.

ఎందుకంటే, అది బ్లాకు బావా. బ్లాకంటే ముద్ర అనుకో. ఒక అల్మరాని కొలతలతో సహా ఒకసారి గీసి దాచుకుంటాం. ఎక్కడ కావాలంటే అక్కడ గుద్దేస్తాం. మనం దాచింది మూడడుగులది. ఇక్కడ స్తంభాల మధ్య ఇంకో జానెడు ఎక్కువుంది. అందుకని దాన్ని అడ్డంగా మాత్రం లాగారు. నిలువు ముట్టుకోలేదు.

అర్థం కాలేదా? నీ బనీను చూడు. కొన్నప్పుడు సరిపోయింది. ఇప్పుడు పొట్ట దగ్గర అడ్డంగా ఎంత సాగిందో! మెడ దగ్గర చీటీ మీద సైజు మారిందా మరి? మారలేదు! ఇదీ అంతే. బొమ్మ సాగింది, లోపల రాసిన అంకె మాత్రం పుట్టినప్పటిదే. దాని మీద నొక్కి వివరాలు చూస్తే గుట్టంతా బయటపడింది. నిలువు ఒక రెట్టు, అడ్డం ఒకటింబావు రెట్లు!

అంతే. ఆ బ్లాకుని విడి గీతలుగా విడగొట్టేశాను. పన్నెండు గదులకీ అల్మరాలు అసలు కొలతతో మళ్ళీ గీశాను. ప్రతి అంకెనీ రెండుసార్లు సరిచూశాను. ఇదిగో, ఈ చుట్టలో ఉన్నాయి.

ఏంటి అలా చూస్తావ్? ఎవరు లాగారనా?

అదీ... కంప్యూటర్లన్నాక... ఒక్కోసారి మౌసు...

సుత్తి ఆపి మరీ చూడాలా బావా?

సరే. నేనే. నేనే లాగాను, చాలా?

మా ఇంజనీరు గారు మొట్టమొదటిసారి "కింద నీ సంతకం పెట్టుకోమ్మా" అన్నారు. ఆరేళ్ళు ఇంకొకరి పేరు మీద గీశాను కదా, కాళ్ళు నేల మీద ఆనలేదు. సంతకం ఎలా పెట్టాలా అని చిత్తుకాగితం మీద అరగంట సాధన చేశాను. అల్మరా మళ్ళీ గియ్యడానికి పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాలకి బద్ధకించి పట్టుకు లాగేశాను. చూడ్డానికి సరిగ్గానే సరిపోయింది మరి!

అదైనా నయం. ఇంకోటుంది. అది చెప్పడానికే నాలుగు రోజులు పట్టింది నాకు.

కొయ్యబోయే ముందు నువ్వు ఈ గదిలోంచే ఫోన్ చేశావు, గుర్తుందా? "మరదలు పిల్లా, ఇక్కడ ఎక్కువున్నట్టుందే, టేపు వేసి చూశాను, ఒకసారి కాగితం సరిచూడు" అన్నావు. నేనేమన్నాను? గీతని నమ్మకు, టేపుని నమ్మకు, రాసిన అంకెని నమ్ము, మా పనిలో రూలు అదీ అని పాఠం చెప్పాను నీకు. నీకు! లేచి చూడను కూడా లేదు. నువ్వు "సరేలే తల్లీ, చదువుకున్నదానివి" అని పెట్టేశావు.

నీ టేపు తప్పలేదు. నీ కన్నూ తప్పలేదు. కొలిచిన మనిషిని కొలవద్దన్నది నేను.

పైగా మొన్న మేడమ్ నిలదీస్తే నువ్వేమన్నావ్? "కోత తప్పిందండీ, నా చెయ్యి జారింది" అన్నావు. జేబులో కాగితం పెట్టుకుని! నా సంతకం ఉన్న మూల నీ జేబులోంచి పైకి కనిపిస్తూనే ఉంది. చూపిస్తే పోయేది కదా! నేను పక్కనే నిలబడి ఏం చేశాను? నేల చూశాను. గచ్చు మీద పగుళ్ళు లెక్కపెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను బావా.

అక్క పెళ్ళయి మీ ఇంటికొస్తూ నన్ను కూడా వెంటబెట్టుకొచ్చింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. పెన్సిళ్ళూ స్కేళ్ళూ పెట్టుకునే నా మొదటి పెట్టె నువ్వు చేసిచ్చిందే. ఎంతకాలమని వెనకేసుకొస్తావు నన్ను?

ఇంజనీరు గారికి తెలిస్తే ఏం చేస్తారు? మళ్ళీ కాపీలు తీసే మూల కూర్చోబెడతారు. కూర్చోబెట్టనీ. ఆ కుర్చీ నాకు అలవాటే.

ఉష్! చెప్పుల చప్పుడు. మేడమే.

తియ్యకు! మేకులు తియ్యకు బావా, నీకు దణ్ణం పెడతా! తీశావంటే మళ్ళీ "నా చెయ్యి" అని మొదలెడతావు, నీ సంగతి నాకు తెలీదా? ఇదిగో, ఈ పలక నువ్వే పట్టుకో. రెండు చేతులతో. ఆఁ, అలా. ఇప్పుడు కదల్లేవు కూడా. నీ జేబులో కాగితం ఇలా తే... వచ్చేసింది.

నమస్కారం మేడమ్. రండి, లోపలికి రండి. లేదండీ, ఆయన మాట్లాడలేరు, నోటి నిండా మేకులున్నాయి. నేను చెబుతాను. ముందు ఈ కాగితం చూడండి. మేస్త్రి ఇందులో ఎంత రాసుంటే అంతే కోశారు. తప్పు ఈ అంకెది.

ఎవరు రాశారా? కింద సంతకం ఉంది చూడండి మేడమ్. అరగంట సాధన చేసి పెట్టాను, స్పష్టంగానే కనిపిస్తుంది.