నాలుగు చేతుల రాగి పోసిన ముకలాయ్

అమ్మలారా, అయ్యలారా, రాగి కరిగే పచ్చరాయి ఏరడం ఆపి గంపలతోనే వచ్చిన ఆడపడుచులారా, కంచె తలుపు దగ్గర నిలబడ్డ దొర మనుషులారా, అందరికీ దండాలు. మన ముకలాయ్ పోయాడు. ఆయన్ని ఈ కంచె లోపలికి చేతులు కట్టి తెచ్చారు. బయటికి ఈ రోజే వెళుతున్నాడు, మన భుజాల మీద.

నేను కిసింబాను. ఆయన ఊరివాణ్ణి, ఆయనతో పాటే పట్టుబడినవాణ్ణి, ఆయన కొలిమికి తిత్తులు ఊదినవాణ్ణి.

మీ ఇళ్లలో నాలుగు చేతుల రాగి ఉంది కదా? దానితోనే కదా ఉప్పు తెచ్చుకున్నారు, పారలు తెచ్చుకున్నారు, కొడుకులకు పెళ్లిపిల్లల్ని తెచ్చుకున్నారు? అది పోసింది ఎవరు? పుట్టమన్ను కొలిమిలో రాయి కరిగేలోగా నాలుగు చేతులూ వచ్చేలా ఇసుకలో అడ్డంగా ఒక కాలువ, నిలువుగా ఒక కాలువ తీసేవాడు. కాలువ అడుగున చిటికెన వేలి గోటితో గాడి గీసేవాడు. అందుకే ఆయన పోసిన రాగి మీద సన్నని గట్టు లేస్తుంది. చీకట్లో తడిమినా మీకు తెలుస్తుంది.

ఒక ఏడాది వానలు వెనకబట్టాక ఆయన తమ్ముడు కయుంబా నది దాటి వచ్చాడు. అన్నను విడిపించుకోవడానికి ఊరూరా కూడబెట్టిన రాగి దొర ముందు దించాడు. దొర ఒకటి తీసి, గట్టు మీద వేలు పెట్టి నవ్వాడు. "ఒరేయ్, ఇది మీ అన్న ఇక్కడ పోసిందేరా. ఈ చేతుల్ని నీకిచ్చేస్తే రేపు నేనేం తినాలి? వాణ్ణి ఇవ్వను. ఇంకొకరిని తీసుకుపో. ఎవరినో మీ అన్ననే చెప్పమను."

నేను తిత్తులు వదిలేసి ముకలాయ్ కళ్లలోకే చూశాను. ఇంకెవరి పేరు చెబుతాడు? నా పేరు కాక ఎవరి పేరు చెబుతాడు?

ఆయన నా వైపు చూడలేదు. మాలాగే పట్టుబడి ఇక్కడ రాయి ఏరే సేయా వైపు చూశాడు. "సేయాను తీసుకెళ్లు తమ్ముడూ, చంటిదాన్ని కూడా" అన్నాడు.

ఆ సేయా ఈ రోజు కూతురితో నది దాటి వచ్చింది. తల్లీ, తల దించుకోకు. నీ మీద నాకు కోపం లేదు. అప్పుడు ఉండేది.

"నీకు నేనేం ద్రోహం చేశానన్నా?" అని అడిగాను. ఆయన దాచలేదు. "సేయాకు బిడ్డ ఉంది, అది నిజం. కానీ నువ్వు పోతే మన ఊరి మాట నాతో మాట్లాడేవాడు ఉండడురా. నీ పేరు నోటికి రాలేదు." అలా చెప్పిన మనిషిని ఏం చేస్తాం? కొట్టలేకపోయాను. క్షమించలేకపోయాను. తిత్తులు ఊదాను.

అంతవరకూ నాకు పని నేర్పుతున్నవాడు, ఆ తర్వాత నన్ను ఇసుక దగ్గరికి రానివ్వలేదు. "నీ మొహానికి తిత్తులే ఎక్కువ, పో" అనేవాడు. మీరూ నవ్వారు. నేనూ చాలాకాలం ఆయన్ని పగవాడిలా చూశాను. మంచం పట్టాక ఒకరోజు అడిగాను, ఎందుకు నేర్పలేదని. "నేర్పితే నిన్నూ వదలరు. పని రానివాడినే ఎవరైనా విడిపించుకోగలరు" అన్నాడు.

రాబోయే ఎండకారుకు రాగి నేనే పోయాలని నిన్న దొర కబురంపాడు. దొర మనుషులారా, వెళ్లి చెప్పండి. నాకు పోయడం రాదు. కొట్టినా రాదు. ముకలాయ్ చెప్పి పంపిన మాట మీద కయుంబా మళ్లీ రాగి మోత దించి దొర వాకిట్లో కూర్చున్నాడు, ఈసారి నా కోసం. దొర ఏమంటాడో నాకు తెలియదు.

ఇక మాటలు చాలు. సేయా ఆయన గుండెల మీద రాగి పెడుతుంది. పెట్టి లేచేవరకూ అందరూ నిలబడండి, ఎవరూ నోరు విప్పకండి. దొర మనుషులారా, మీరూ ఆ బల్లేలు కింద పెట్టి నిలబడండి.