బోయిమన్ చల్లని డబ్బాలు

వారంగా ముసురు. సురబయ నగరంలోని ఆ ఇరుకు సందులో, కాఫీ కొట్టు బల్ల మీద కూర్చున్నవాళ్ళలో చాలామంది బట్టలు చెమ్మ వాసన కొడుతున్నాయి. సుమిని అనే ఆవిడ తన చంటిదాన్ని ఒళ్ళో బోర్లా వేసుకుని, వీపు నిండా పేలిన చెమటకాయల మీద విసురుతోంది. వాళ్ళ గదికీ బోయిమన్ కంప్యూటర్ ఆటల కొట్టుకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ రాత్రీ పగలూ కాగుతూనే ఉంటుంది. ఇప్పుడతను ఇంకో పది కంప్యూటర్లు పెడతానంటున్నాడు. ఇరుగుపొరుగు సరేనంటేగానీ వీధిపెద్ద సలామున్ ఒప్పుకోడు. అందుకే ఇవాళ అందరి కాఫీ ఖర్చూ బోయిమన్‌దే.

"సెగ అంటావేంటి చెల్లెమ్మా, అది పాత మాట," అన్నాడు బోయిమన్ సుమినితో. " గోడలో కరెంటుకీ కంప్యూటర్‌కీ మధ్య పవర్ సప్లై డబ్బా ఉంటుంది కదా, నాసిరకందైతే వందపాళ్ళు మింగి అరవై పెడుతుంది, తక్కిన నలభై సెగగా కక్కుతుంది. పోయిన నెలే అన్నీ మార్చేశా. ఇవి తొంభై పెడతాయి."

"మంచిదేగా," అన్నాడు సలామున్.

"ఆగు బాబాయ్, ఆ తర్వాత ఏమైందో తెలుసా? అలవాటు పడి తొంభైతొమ్మిది పెట్టడం మొదలుపెట్టాయి. కుర్రాళ్ళు వణుకుతూ తువ్వాళ్ళు కప్పుకుని ఆడుతున్నారు. ఇంకెందుకని ఫ్యాన్లన్నీ విప్పి అటకెక్కించా. వారం తిరిగేసరికి డబ్బాల మీద మంచు. చేపలామె మిగిలిన సరుకు వాటిమీద పెట్టుకుంటానంటే, పోనీ పాపమని సరేనన్నా. తెల్లారి చూస్తే..."

"ఈదుతున్నాయా?" అంది కాఫీ కొట్టామె, గ్లాసులు కడుగుతూ.

"నవ్వు, నవ్వు. మొన్న ఊరంతా కరెంటు పోతే మన సందులో దీపాలు వెలిగాయా లేదా?"

"లేదు," అన్నాడు సలామున్.

"నువ్వు నిద్రపోయావు బాబాయ్. నా డబ్బాలు వంద మింగి నూటపది ఇచ్చాయి, మిగిలింది గోడలోకి వెనక్కి తోశాయి, మీటరు వెనక్కి తిరిగింది, కరెంటాఫీసాయన పరుగున వచ్చి, అయ్యా మా ఉద్యోగాలు పోతాయి కాస్త తగ్గించమని కాళ్ళు పట్టుకున్నాడు."

బల్లంతా నవ్వింది. సుమిని నవ్వలేదు. ఈ నవ్వులోనే తలలూపేస్తారని ఆమె భయం. మింగిన కరెంటు మాయమైపోదు. ఒకడు చౌకగా కొన్నదానికి ఇంకొకరి ఒళ్ళు పేలుతుంది. లాభం గోడకవతల, సెగ గోడకివతల. కోతలు వింటూ కూర్చుంటే రేపు గోడ ఇంకా కాగుతుంది. ఆమె చూపు పొడిగా నిలబడ్డ బోయిమన్ కాలరు మీద ఆగింది.

"అన్నా, ఆ చొక్కా ఎప్పుడు ఉతికారు?"

"నిన్న పొద్దున. ఏం?"

"బాబాయి లుంగీ పిండితే నీళ్ళొస్తాయి. ఈ వారం సందులో ఆరిన బట్టలు రెండిళ్ళవే, మావీ మీవీ. మావి నీ గోడకానించి ఆరేశా. ఎండ లేదు, నీ ఫ్యాన్లేమో అటక మీదున్నాయి. మరి మీవి ఎక్కడ ఆరేశారు, ఆ చల్లని డబ్బాల మీదేనా?"

బోయిమన్ చెయ్యి కాలరు మీదికి పోయింది.

సలామున్ తన కాఫీ డబ్బులు తీసి బల్ల మీద పెట్టాడు.

"ముందు డబ్బాలు మార్చు బోయిమన్. నీ చొక్కా కూడా మా బట్టల్లాగే చెమ్మ వాసన కొట్టిన రోజు రా. అప్పుడు తలూపుతాం."