ఓబులప్ప పంటి నరం

పోయిన ఆదివారం పంటి డాక్టరమ్మ లేదని మా అమ్మతో నేను చెప్పింది అబద్ధం. డాక్టరమ్మ ఉండింది. అమ్మ పంటికి తీసుకున్న అపాయింట్‌మెంటు రద్దు చేసింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరి దగ్గరా నోరు తెరిచి చెప్పలేదు.

పదితో బడి మానేసినా, ఫోన్లో చూసీ, దొరికిన కాగితమల్లా చదివీ సొంతంగా నేర్చుకున్నదాన్ని. మా ఊర్లో ఎవరికి మందుల చీటీ వచ్చినా నా దగ్గరికే తెస్తారు. అట్లాంటి నేను ఓబులప్ప కోతలు నమ్మినాను. మాత్రలకు అమ్మ నొప్పి కూడా తగ్గింది, ఇంక రూట్ కెనాల్ ఎందుకులే అనుకున్నాను. కోపం ఆయన మీద ఎక్కువో నా మీద ఎక్కువో తెలీడం లేదు.

ఓబులప్ప పుంగనూరు సంతలో ఎద్దుల దళారి. సాయంత్రమైతే మా పాలకేంద్రం అరుగెక్కి, క్యాన్లతో వచ్చినవాళ్ళకు కథలు చెప్తాడు. ఈ సాయంత్రమూ ఎక్కినాడు. మా అమ్మ మునిలక్ష్మి బుగ్గను కొంగుతో అదిమి పట్టుకుని కూర్చోనుండింది. రెండు రోజులుగా సంగటి ముద్ద మింగలేదు. వాపు కంటి కిందికి ఎక్కింది.

"రూట్ కెనాలంటే ఏందనుకుంటాండావు మునిలక్ష్మీ," అన్నాడు. "మదనపల్లెలో నన్నూ కుర్చీలో పండబెట్టినారు. మత్తు సూది వద్దంటే వద్దన్నా. ఎద్దు కొమ్ము కడుపులో దిగితేనే అబ్బా అననోడ్ని, పంటికి మత్తా అన్నా."

"కొమ్ము దిగింది నీ లుంగీలో కదప్పా," అన్నాడు పాలు కొలుస్తున్న చెంగయ్య.

"నువ్వు పాలు కొలువు. సన్న కమ్మీ ఒకటి పంట్లోకి దించినారు. దించతాండారు, దించతాండారు, జానెడు పోయింది, మూరెడు పోయింది. దాని కొన యాడ తగిలిందో తెలుసునా? కంటి ఎనకాల. కరెంటు పోయినట్టు ఎడమ కన్ను ఆరిపోయింది. పంటి నరమూ కంటి నరమూ ఒకటే కదా."

"ఇప్పుడు బాగానే సూస్తాండావే," అంది పాల క్యానుతో వచ్చిన సిద్దమ్మవ్వ.

"ఆడికే వస్తాండా అవ్వా. నరం పట్టి లాగినారు. లాగితే నా కాలి బొటనేలు ఎగిరె. ఇంకా లాగినారు. నర్సమ్మ దాన్ని కండెకు చుట్టుకుంటాండాది, మగ్గాలోళ్ళు పట్టుదారం చుట్టినట్టు. లాగేకొద్దీ నాకు మతిమరుపు. ముందు ఊరి పేరు పాయ, ఆ తర్వాత పెండ్లాం పేరు పాయ."

"అది నీకు మంచిదే," అన్నాడు చెంగయ్య.

"నవ్వండి. అప్పుడేం చేసినానో తెలుసునా? నరం తెంపుకుని, కుర్చీ వీపుకు అంటుకోనుండంగానే లేచి, కుప్పం బస్సెనకాల పరిగెత్తినా. పలమనేరులో బస్సు ఆగింది, నేను ఆగలా. గుడుపల్లె కాడ ఆ నరాన్ని పోయే రైలుకు కట్టినా, పన్ను ఊడొస్తాదని. పన్ను కదల్లా. రైలు నిలిచిపాయ. డ్రైవరు దిగొచ్చి దండం పెడితే, అయ్యో పాపమని రెండు వేళ్ళతో నేనే పెరికి పారేసినా. చుక్క రక్తం రాలా. అందుకే చెప్తాండా మునిలక్ష్మీ, పెరికించుకో, ల్యాకుంటే ఊరుకో. చంపిన పన్ను నోట్లో పెట్టుకుంటే దాని విషం గుండెకు దిగుతాది."

అమ్మ తల ఊపింది. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. నేను విని నమ్మిన రోజున ఆ కథలో నరం జానెడే. రైలు లేదు.

సిద్దమ్మవ్వ క్యాను కింద పెట్టింది. సంతలో ఎద్దు నోరు ఈమెకు చూపించకుండా మా ఊరివాళ్ళు బేరం ముగించరు. పళ్ళు చూసి వయసు చెప్తుంది.

"పెరికింది యా పన్నప్పా?"

"పైన, ఎడమ పక్క దవడ పన్ను."

అవ్వ ఎడమ చేత్తో గడ్డం పట్టి, బొటనవేలు నోటి మూల దూర్చి, ఎద్దును పట్టినట్టే పట్టింది. ఓబులప్ప నోరు దానంతటదే తెరుచుకుంది.

"హరితా, ఫోన్ లైటెయ్యి."

వేసినాను. అక్కడ సందు లేదు. స్టీలు గ్లాసు మాదిరి మెరుస్తా ఒక తొడుగు ఉంది.

"పన్ను ఆడే ఉండాది, టోపీ పెట్టుకోని," అంది అవ్వ. "యాల చెప్పినావు ఇన్ని కతలు?"

ఓబులప్ప మూతి తుడుచుకున్నాడు. "కోడలు తోడుకోని పోయింది. మూడుసార్లు పోయినా. మత్తు సూదేసినారు. నొప్పేముంటాది, నిద్రపోయినా. గురక పెట్టినానంట. నిద్రపోయినానని చెప్తే ఈ అరుగు మీద ఎవురు కూర్చుంటారవ్వా?"

"ఆ పక్కనే చెనిక్కాయలు నమలతావు కదప్పా," అన్నాను. "మా అమ్మకు సంగటి దిగడం లేదు. నీ రైలును నమ్ముకోని."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆయప్పనంటే ఏమొస్తాదిలే. ఆదివారం ఆ డాక్టరమ్మ ఉండుంటే పోయుందుము," అంది.

నా గడ్డం పట్టి నోరు తెరిపించేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. అమ్మను లేపి, నడిపించుకోని బయల్దేరినాను.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. ఆదివారం మేము పోవలసిన పల్లవి డాక్టరమ్మ ఎనిమిదింటి దాకా క్లినిక్‌లో ఉంటుంది. ఇప్పుడు ఏడు. ఆమెకు ఫోన్ చేసి, రద్దు చేసింది నేనేననీ, వాపు కంటి దాకా వచ్చిందనీ, ఇప్పుడే బయల్దేరి రమ్మంటే వస్తామనీ చెప్పాలి. నోరు రాకపోతే ఈ కాగితమే చదువుతాను.

చేస్తాను. అమ్మ పక్కన కూర్చుని, ఆమెకూ వినబడేట్టు స్పీకర్ పెట్టి.