వాన ఆగి విన్న బాకా

సుత్తి బాబాయ్‌కి ఆ పేరు చేతిలో సుత్తి ఉండడం వల్లే వచ్చిందని ఆయన నమ్మకం. మనం కాదనడం దేనికి?

ఇత్తడి రేకును సుత్తితో సాగగొట్టి బాకాలు చేయడం ఆయన పని. ఆ సాయంత్రం ఆయన కొట్టుకి ఎదురుగా టీకొట్టు బల్ల మీద కొత్త బాకా మెరుస్తోంది. పక్కనే బ్యాండు మాస్టారు. ఇది బాగా పలికితే బ్యాండు మొత్తానికీ బాబాయ్ చేతే చేయిస్తాడు. లేదంటే ఫ్యాక్టరీ సరుకు తెప్పించుకుంటాడు, బాబాయ్ కొట్టుకి తాళం పడుతుంది. అందుకే పిన్ని తన మొహం కనబడేదాకా బాకాని తోమి, మొగుడికి ఒకటే మాట చెప్పింది. "ఊదాల్సింది మాస్టారు. నువ్వు కాదు."

బాబాయ్ బుద్ధిగా తలూపాడు. తర్వాత టీ గ్లాసు చేతికొచ్చింది.

"రేకు పల్చగా కొట్టడం గొప్పేం కాదు మాస్టారూ, అందరూ కొడతారు. నేను కళ్ళు మూసుకుని కొడతాను, అంతే తేడా. చప్పుడు వింటే చాలు, మందం ఎక్కడుందో తెలిసిపోతుంది. ఓసారి అలాగే కొడుతున్నానా, కొడుతూనే ఉన్నానా, కళ్ళు తెరిచి చూద్దును కదా, రేకు లేదు!"

"ఎవరెత్తుకెళ్ళారు?" అన్నాడు పక్కన టీ తాగుతున్న దర్జీ.

"గాలి! అంత పల్చనైపోయింది మరి. అది వీధిలో ఎగురుతోంది, వెనకాల నేను పరుగు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీ కొట్టు ముందు ఆరేసిన చొక్కాల్లో వాలింది. ఏది రేకో ఏది గుడ్డో పోల్చుకోలేకపోయాను."

"కొంపదీసి నేను ఇస్త్రీ చేసేశానా?"

"చేశావు! నీకు గుర్తులేదు గానీ, ఆ రేకుతో చేసిన బాకాకి అంత నునుపు ఎక్కడిదనుకున్నావు?"

బల్ల చివర కూర్చున్న పిన్ని దగ్గింది. బాబాయ్ ఆ దగ్గుకి ఏనాడో అలవాటుపడిపోయాడు.

"సరే, దాన్ని పట్టుకుని గుట్టెక్కి, పాపం పసిపిల్లలు పడుకునుంటారని మెల్లిగానే ఊదాను. అవతలి ఊళ్ళో ఏళ్ళ తరబడి ఆగిపోయిన గడియారం కదిలింది! సరైన టైమే చూపించింది!"

"అన్నాళ్ళు ఆగింది కదా బాబాయ్, దానికి టైమెలా తెలిసింది?" అంది టీకొట్టు అక్క.

"ఎవరినో అడిగుంటుంది. అసలు సంగతి విను. ఇంతలో వాన మొదలైంది. సగం దాకా దిగింది, నా పాట చెవినబడింది, ఆగిపోయింది! గాల్లోనే! పాట మొత్తం విని, అప్పుడు కురిసింది."

"చప్పట్లు కొట్టిందా?" అన్నాడు దర్జీ.

"ఉరుమంటే ఏమిటనుకున్నావు?"

మాస్టారు నవ్వుకుంటూ బాకా ఎత్తి ఊదాడు. బుగ్గలు పొంగాయి, చెవులు ఎర్రబడ్డాయి. బాకా మాత్రం కిక్కురుమనలేదు.

"కొత్త కదండీ, సిగ్గు," అన్నాడు బాబాయ్.

పిన్ని లేచి బాకా అందుకుంది. దాని ముందు వంపు లాగితే ఊడొస్తుంది. లాగి, దీపానికెదురుగా పెట్టి చూసింది. అవతలి వెలుతురు కనబడలేదు.

"సిగ్గు కాదు, తారు."

గొట్టం వంచేటప్పుడు నొక్కుకుపోకుండా లోపల కాచిన తారు పోస్తారు. వంచాక వేడిచేసి కార్చేయాలి. ఆ కార్చడమే బాబాయ్ మరిచాడు.

"ఇది వంచిన రోజు కొట్లో ఎవరున్నారు?"

దర్జీ టీ గ్లాసులోకి తొంగి చూసుకున్నాడు. "నేనే పిన్నీ."

"ఏ కథ చెప్పాడు?"

"వాన కథే."

బాబాయ్ నోరు మూతపడడం ఆ వీధి మొదటిసారి చూసింది. పిన్ని ఆ వంపుని టీపొయ్యి మీద కాచింది. నల్లటి తారు తీగలా కారి బూడిదలో పడింది. లోపల కిరసనాయిలు గుడ్డతో తుడిచి, బిగించి, మాస్టారికి మళ్ళీ ఇచ్చింది.

మాస్టారు ఊదాడు. వాన ఆగలేదు, అసలు వానే లేదు. కానీ పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా టీకొట్టు అక్క కదల్లేదు. దర్జీకి జోకు తట్టలేదు.

మాస్టారు బాకాని మెల్లిగా బల్ల మీద పెట్టాడు.

"మిగతావి కూడా మీరే చేయండి. ఒకటే షరతు. గొట్టం వంచే రోజు వినేవాళ్ళెవరూ కొట్లో ఉండకూడదు."

బాబాయ్ మొహం వాడిపోయింది. "మరి మా ఆవిడో? పక్కనే కూర్చుని మెరుగు పెట్టాలి కదండీ?"

"నేనుంటే ఫర్లేదు మాస్టారూ," అంది పిన్ని. "నేను వినడం మానేసి చాలా ఏళ్ళయింది."