ఓబులమ్మ పసరు కల్వం

నాంచారని ఒక పిల్ల, ఓబులమ్మ కోడలు. ఓబులమ్మంటే మన పుండ్లకి పసరు పోసే ఓబులమ్మే. గొడ్డలి దెబ్బైనా కొడవలి గాటైనా చుట్టుపక్కల నాలుగూళ్ళోళ్ళు ఆమె వాకిట్లోనే కూచోవాల. గాయపాకు తెచ్చి, ఇంత పసుపుకొమ్మేసి, కల్వంలో మెత్తగా నూరి, గుడ్డలో పిండి ఆ పసరు పోసిద్దంట. చీము పట్టనీదు ఆ ఆకు. నిజమే, నా మోకాలికీ పోసింది. అయితే ఆ ఇంట్లో ఒక కట్టడి ఉందనుకో. కల్వం కడగకూడదు. ఓబులమ్మ అత్త కడగలా, ఓబులమ్మా కడగలా. పాత పసరంతా అడుగున నల్లగా పేరుకోని ఉండేదంట. మందుకి బలం అదేనని, కడిగితే మందు పారదని వాళ్ళ నమ్మకం.

ఏమైందంటే, నాంచారి మొగుడు కాశయ్య కట్టెలు కొడతా కొడతా గొడ్డలి జారి మోకాలి కింద వేసుకున్నాడు. వైద్యం ఇంట్లోనే ఉందిగా, ఎవరూ కంగారు పడలా. రెండు రోజులు పసరు పోసింది ఓబులమ్మ. మూడో రోజుకి కాలు వాచింది. నాలుగో రోజుకి చీము. కట్టు విప్పితే వాసన. ఊళ్ళోకొచ్చే నర్సమ్మ చూసి, ఎల్లుండికి తగ్గకపోతే పెద్దాసుపత్రికి తీసకపోండి, వాపు మోకాలు దాటిందంటే కాలు తీసేస్తారు అనేసి పోయిందంట. కాశయ్య పెళ్ళాం చెయ్యి పట్టుకోని, "నా కాలు ఉండిద్దా నాంచారీ" అన్నాడు. ఉండకేం అన్నదేగానీ ఆ పిల్లకి ముద్ద దిగలా. ఓబులమ్మేమో ఇంకాస్త ఆకు కోసకొస్తానని చేలోకి పోతా పోతా, కల్వం బయట పెట్టవే అన్నదంట.

కల్వం తెచ్చి అరుగు మీద పెట్టి, మొగుడికి నీళ్ళిచ్చి వచ్చేసరికి కోడిపెట్ట అందులో రెట్టేసి కూచుంది. నవ్వమాకండి, ఆ పిల్ల ప్రాణం ఎట్టుండుద్దో చూడండి. అత్తకి చెబితే చంపుద్ది. చెప్పకపోతే ఆ రెట్టలోనే మొగుడికి మందు నూరుద్ది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నయి. కల్వంలో పోసింది, బూడిదేసి రుద్దింది, మళ్ళీ పోసింది. పేరుకున్న నలుపంతా పెళ్ళలు పెళ్ళలుగా ఊడొచ్చి లోపల తెల్లటి రాయి బయటపడిందంట. అయ్యో, బలమంతా పారబోశాను, నా మొగుడి కాలు నేనే తీసేశానని నాంచారికి ఏడుపు. ఏడుస్తానే దొడ్లో దొరికిన నాలుగాకులు నలిపి, రంగు తెలవకుండా ఆ రాయికి పులిమింది. ఓబులమ్మకి చూపు మందం. వచ్చింది, నూరింది. "ఏందే, ఇయ్యాల ఇంత తేలిగ్గా నలిగింది" అంటే నాంచారి గబగబా పసరు పిండే గుడ్డ అందించింది.

ఇంక ఆ పిల్ల కూచుంటే కూచోలేదు, నిలబడితే నిలబడలేదు. ఎట్టాగూ పాడు చేశాను, మళ్ళీ ఏ రెట్ట పడిందో ఏమోనని అత్త చూడకుండా ప్రతిసారీ వేన్నీళ్ళతో కడిగేదంట. గంటకోసారి మొగుడి మోకాలు తడిమి చూసుకునేది, వాపు దాటిందా అని. దాటలా. మూడు పూటలకి చీము ఆగింది. నర్సమ్మ వచ్చి నొక్కి చూసి, ఆసుపత్రి అక్కర్లా, మానుతుంది అన్నదంట.

ఓబులమ్మకి ఎంత సంబరమో. చూశారా, మా అత్త నాటి పసరు బలం అని ఇంటికొచ్చినోళ్ళందరికీ చెబుతుంటే, నాంచారి తట్టుకోలేకపోయింది. అందరూ పోయినాక అత్త కాళ్ళ దగ్గర కూచోని ఉన్నదంతా చెప్పేసింది. కొడతదనుకుంది. కొట్టలా. ఓబులమ్మ కల్వాన్ని ఒళ్ళో పెట్టుకోని లోపలంతా వేళ్ళతో తడిమి, "ఎన్నిసార్లు కడిగావే" అన్నదంట. నూరబోయే ముందల్లా కడిగా అత్తా అంది నాంచారి. తర్వాత ఓబులమ్మ చెప్పిందంట: "మీ మామకి అరికాల్లో ముల్లు దిగిందే. ముల్లే. ఈ ఆకే పోశాను. ఇందులోనే నూరాను. ఇరవై రోజులు, పొద్దునా సాయంత్రం, నా చేత్తోనే." నాంచారి కాపురానికి రాకముందే పోయాడు ఆ మామ, ఆ పిల్ల ఆయన్ని చూడను కూడా లేదు. అత్త చెయ్యి పట్టుకోని కూచుంది.

ఆ ఆకుని తప్పు పట్టేదేం లేదబ్బా, అది దాని పని చేస్తానే ఉంది. ఇప్పుడు పసరు పోసేది నాంచారే. నూరే ముందు నీళ్ళు మరగబెట్టిద్ది. ఆ నీళ్ళు మరిగినంతసేపూ ఓబులమ్మ గోడవైపు తిరిగి కూచుంటదంట. ఎందుకమ్మా అని నేనైతే ఎప్పుడూ అడగలా. మీరూ అడగమాకండి.