ఇరవైకి ఇరవై

అదేంటి భిక్షం గారూ, మళ్లీ గేటు దగ్గరే ఆపేస్తారు? రోజూ వస్తున్నదాన్నే కదా. మూడో అంతస్తులో పుష్పవల్లి గారింటి తాళం చూసి వెళ్లిపోతాను, అంతే. పోనీ, ఆ కుర్చీ ఇలా జరపండి. ఈ ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కేసరికి మోకాళ్లు పట్టేశాయి.

ఆవిడ మీద నాకూ కోపమే. మొగుడికి భయపడి, ఊరు మారి ఇక్కడ దాక్కున్నానని పిల్ల టీచరుకైనా చెప్పొద్దూ? మీకు చెప్పారుగా. ఎవరడిగినా అలాంటివాళ్లు లేరనమన్నారుగా.

నేను నేర్పింది జాగ్రత్తేనండీ, ఒట్టు. ముక్కూమొహం తెలీనివాడు మీ ఇంట్లో ఒకరి గురించి ఇంటర్నెట్‌లో ఎంత కనిపెట్టగలడో చూడండి అన్నాను తొమ్మిదో తరగతి పిల్లలతో. ఎక్కడ వెతకాలో లింకులు నేనే ఇచ్చాను, ప్రశ్నలూ నేనే రాశాను. దొరికిందల్లా నమ్మకుండా సరిచూడమన్నాను. అందరూ తాతయ్యల పుట్టినరోజు ఫొటోలు తెచ్చారు. పుష్పవల్లి గారి గీతిక మాత్రం వాళ్లమ్మ ఆచూకీ మొత్తం లాగేసింది.

ఎలాగనుకున్నారు? ఆవిడ డబ్బింగ్ చెప్పే థియేటర్ వాళ్లు కొత్త సినిమాకి కొబ్బరికాయ కొట్టి ఫొటో పెట్టారు, పేర్లతో సహా. వెనక వరసలో ఆవిడ. వాళ్ల పక్క ఫ్లాటావిడ మేడ మీద మొక్కల ఫొటో పెడితే అందులోనూ ఆవిడే, వెనకాల గులాబీరంగు నీళ్లట్యాంకు. ఆ ట్యాంకు ఎక్కడుందో మ్యాపులో పట్టుకుంది పిల్ల. అపార్ట్‌మెంటు పేరు కూడా రాసింది.

మురిసిపోయాను. ఇరవైకి ఇరవై వేశాను. మంచి పేపర్లు ఇంటర్నెట్‌లో మా స్కూలు పేజీలో పెట్టడం మాకు అలవాటు. శనివారం పెట్టాను. ఆ మొగుడు నెట్‌లో ఆవిడ పేరు రోజూ వెతుకుతూనే ఉన్నాడట. మంగళవారానికి వచ్చేశాడు.

ఆ పేజీయేగా మీకు ఫోన్లో చూపించాడు? మా పాప రాసింది చూడు అన్నాడట. మీరు పైకి పంపారు. మిమ్మల్నేమంటాను? తల్లీకూతుళ్లు ఒక్క సంచితో వెనక మెట్లు దిగిపోయారు. ఇవాళ్టికి పదహారు రోజులు. ఫోన్ లేదు, బడి లేదు. అతనికి దొరికారో లేదో పోలీసులకీ తెలీదు.

ఇంట్లో కూర్చోలేనండీ. ఏడింటికి టీవీ సీరియల్లో అత్తగారి పాత్రకి ఆవిడే గొంతు. ముందే డబ్బింగ్ చెప్పి ఉంచిన భాగాలు రోజూ వస్తున్నాయి. మా ఆయన కట్టేయమంటారు, నేను కట్టనివ్వను. నిన్న ఆ అత్తగారు వేరే గొంతుతో మాట్లాడింది. కంచం పక్కకి నెట్టేశాను.

లేచి గీతిక పేపరు మళ్లీ తీశాను. ఆఖరి కాగితం పేజీలో పెట్టలేదు లెండి, జాగా చాల్లేదు. ఇది ఎవరి కంట పడితే ప్రమాదం అన్నది చివరి ప్రశ్న.

మా నాన్న, అని రాసింది. మేడమ్, దయచేసి ఇది ఎవరికీ చూపించకండి, అని రాసింది.

పక్కన ఎర్ర టిక్కు ఉంది. నేను పెట్టిందే. చదవకుండా పెట్టాను, భిక్షం గారూ.