మళ్ళీ అదే మంచం

గుండె ఆపరేషన్ అయిన లారీ డ్రైవర్‌ని రోజూ ఆసుపత్రి వరండాలో కాసేపు నడవమన్నారు డాక్టర్లు. ఆ సాయంత్రం అతను గోడ పట్టుకుని నడిచొచ్చి, మంచం మీద కూలబడ్డాడు. పక్కనే కుర్చీలో అతని భార్య పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఆమె బడిలో ఫిజిక్స్ టీచరు.

“ఎందాకా వెళ్ళారు?”

“ఆ చివర కిటికీ దాకా. అంతలోకే ఊపిరాడలేదు. కొండలెక్కించి బండి నడిపినవాణ్ణి, నా గతి చూడు!”

“అలవాటవుతుంది లెండి.”

“ఏం అలవాటో! చచ్చీ చెడీ నడిచి చేరింది మళ్ళీ ఈ మంచం మీదికేగా. దీన్నేమంటారు మీ పాఠంలో?”

“నడిచిన దూరం ఉంటుంది. బయల్దేరిన చోటికే వచ్చేశారు కాబట్టి స్థానభ్రంశం మాత్రం సున్నా.”

“ఆ సున్నా కోసమా నాకీ యాతన?”

ఆమె కలానికి మూత పెట్టింది. నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

“పోయిన వారం ఈ మంచం మీంచే మిమ్మల్ని ఆపరేషన్‌కి తోసుకెళ్ళారు. మళ్ళీ తెచ్చేదాకా దీన్ని ఇంకెవరికీ ఇవ్వనివ్వలేదు నేను. నర్సుతో పోట్లాడాను కూడా. ఇక్కడ కాచుక్కూర్చున్నది ఆ సున్నా కోసమేనండీ.”